రెండో మనిషి

మంగళవారం పొద్దున లైల్ బెరెండ్స్ వచ్చేసరికి బేస్‌బాల్ మైదానంలో నీళ్లు నిలిచి ఉన్నాయి. రాత్రి కురిసిన వానకి రెండో బేస్ వెనక చిన్న మడుగు కట్టింది. సేబీ అప్పటికే వచ్చి, రబ్బరు బూట్లు తొడుక్కుని, ఆ మడుగులో పెద్ద స్పాంజి ముంచి బక్కెట్లోకి పిండుతున్నాడు. చీపురుతో తోసేస్తే నీళ్లతో పాటు మంచి మట్టి కూడా కొట్టుకుపోతుందని అతని వాదన. ఇరవై నాలుగేళ్లుగా అదే వాదన.

"ఎండొస్తుంది కదా సేబీ, దానంతటదే ఆరుతుంది," అన్నాడు లైల్ కంచె దగ్గర నిలబడి.

"ఎండ ఎప్పుడొస్తుందో దేవుడికెరుక. పిల్లలు మాత్రం రెండింటికి వస్తారు కోచ్. ఆ ఖాళీ బక్కెట్టు ఇలా అందించండి."

లైల్ బక్కెట్టు అందించి, తనూ ఒక స్పాంజి తీసుకుని వంగబోయాడు. మోకాలు కలుక్కుమంది. అరవై ఆరేళ్ల మోకాలు. సేబీ చూడనట్టే చూసి, "మీరు పిచర్ బంతి విసిరే దిబ్బ మీద పట్టా తీయండి, ఇక్కడ నేను చూసుకుంటా," అన్నాడు. నిలబడి చేసే పని అప్పగించాడన్నమాట.

నెబ్రాస్కాలో ఆ చిన్న ఊరికి హెల్మర్ కాలేజీయే పెద్ద ఆస్తి. ఆ కాలేజీ బేస్‌బాల్ జట్టుకి లైల్ ముప్ఫై మూడేళ్లుగా కోచ్. శనివారంతో అయిపోతుంది. యుసేబియో ఒంటివెరోస్ అన్న పేరుకి ఎవరికీ నోరు తిరగక సేబీ అయినవాడు, అందులో ఇరవై నాలుగేళ్లు అతనికి సహాయకుడు. బేసుల మధ్య కాపుకాసే కుర్రాళ్లని తయారుచేసేది సేబీ. ఆటలో మూడో బేస్ పక్కన నిలబడి, ఆటగాళ్లు కూర్చునే షెడ్డులోంచి లైల్ ఇచ్చే సైగలు బ్యాటు పట్టినవాడికి అందించేది సేబీ. మైదానం ఆరబెట్టేదీ అతనే.

మధ్యాహ్నానికి నిజంగానే మట్టి ఆరింది. సేబీ సన్నటి పొడుగాటి బ్యాటుతో నేలబంతులు కొట్టడం మొదలుపెట్టాడు. ఒకటి కుడికి, ఒకటి ఎడమకి, ఒకటి గడ్డి అంచు మీద పడి చటుక్కున ఎగిరేలా. మొదటి బేస్ దగ్గర కాపుకాసే నీమెయర్‌ని జట్టంతా ఎద్దు అంటుంది. ఆరడుగుల నాలుగంగుళాల రైతుబిడ్డ. వాడి కాళ్ల మధ్యనుంచి బంతి దూసుకుపోయింది.

"నీమెయర్! బంతి పట్టుకుంటున్నావా, సలాం కొడుతున్నావా? నడుం వంచు!"

"వంగడం మా వంశంలో లేదు సేబీ!"

"మీ నాన్న పందులకి మేత నిలబడే వేస్తాడా? ఫోన్ చేసి కనుక్కుంటా ఉండు!"

కుర్రాళ్లు పడీపడీ నవ్వారు. తర్వాతి బంతికి ఎద్దు నేలకి కరుచుకుపోయినంతగా వంగి పట్టాడు. సేబీ మెచ్చుకోలేదు. అంతకంటే కష్టమైన బంతి ఇంకొకటి కొట్టాడు. అదే వాడికి మెప్పు.

షెడ్డులో బెంచీ మీద కూర్చుని చూస్తున్న లైల్‌కి మనసు తేలికపడింది. తన తర్వాత కోచ్ సేబీయే కావాలని పోయిన వారమే గట్టిగా సిఫారసు రాసి ఇచ్చాడు. ఇక అడ్డేముంది?

*

బుధవారం పదింటికి కోలెట్ ప్రూయిట్ కబురు పంపింది. కాలేజీ క్రీడావిభాగం అంతటికీ ఆవిడే పెద్ద. నలభై దాటిన మనిషి, ఒకప్పుడు పరుగు పందేల్లో పేరు తెచ్చుకుంది. చుట్టూ తిప్పి మాట్లాడడం తెలీదు.

"కొత్త కోచ్‌ని ఎంపిక చేసే కమిటీ సోమవారం కూర్చుంది," అంది. "సేబీ గురించి మీరు రాసింది అందరం చదివాం. కానీ లైల్, అది చదివి మేం కొంచెం తికమక పడ్డాం."

"ఎందుకు?"

"నేను బయట ఓ డజను మందికి ఫోన్లు చేశాను. మన రాష్ట్రంలోనూ, కాన్సస్‌లోనూ. అతను ఇదివరకు అప్లై చేసిన కాలేజీలకీ చేశాను. నలుగురు దాదాపు ఒకటే మాట చెప్పారు. కష్టజీవి, నిఖార్సైన మనిషి, కానీ కుర్రాళ్లు అతని వెనక నడవరు, అతను పుట్టుకతోనే రెండో మనిషి అని." కోలెట్ కాగితం మీద చూసి చదివింది. "ఒకరంటే అభిప్రాయం అనుకుంటాం. నలుగురంటే?"

లైల్ చేతిలోని టోపీ కిందికి జారింది. వంగి తీసుకునే వంకతో మొహం దాచుకున్నాడు.

ఆ మాటలు అతనికి తెలుసు. వాటి వరస కూడా తెలుసు. పదిహేడేళ్ల కింద ఒక జూన్ సాయంత్రం వంటింట్లో గోడఫోన్ మోగింది. కాన్సస్‌లో ఒక కాలేజీ క్రీడాధికారి వార్డ్ జెస్సప్. మీ సహాయకుణ్ణి మా కోచ్‌గా తీసుకోవాలనుకుంటున్నాం, ఏమంటారు అని అడిగాడు. ఆ ఏడే హెల్మర్ మొదటిసారి చుట్టుపక్కల కాలేజీల కాన్ఫరెన్స్ పోటీల్లో ఫైనల్‌కి వెళ్లింది. తడి పళ్లెం ఒకటి చేత్తో పట్టుకుని, చాలా బాధపడుతున్నవాడిలా గొంతు తగ్గించి, లైల్ ఆ మాటలు చెప్పాడు. ఒక్కడికి, ఒక్కసారి. చెప్పి మర్చిపోయాడు. మర్చిపోయాననే అనుకున్నాడు.

పెదవి దాటితే పృథ్వి దాటుతుందన్నది ఇందుకే. కోచ్‌లూ క్రీడాధికారులూ ఏటా జనవరిలో ఒకచోట చేరతారు, కాఫీలు తాగుతారు, ఫలానావాడు ఎలాంటివాడని ఒకరినొకరు అడుగుతారు. ఆ మాట కాన్సస్ నుంచి అయోవాకి, అయోవా నుంచి డకోటాలకీ పోయి, పదిహేడేళ్లు తిరిగి, ఇప్పుడు తన కాలేజీ గుమ్మంలోకే వచ్చి నిలబడింది. తన పేరు మాత్రం దారిలో ఎక్కడో రాలిపోయింది.

"ఆ మాట నాది," అన్నాడు.

"ఏ మాట?"

"ఆ నలుగురూ చెప్పింది. వార్డ్ జెస్సప్‌కి నేనే చెప్పాను. అబద్ధం చెప్పాను, కోలెట్. సేబీ వెళ్లిపోతాడని భయపడి చెప్పాను."

కోలెట్ కుర్చీలో వెనక్కి వాలింది. కోపం కాదు, అంచనా వేసే చూపు.

"లైల్, ఇంకో మూడు రోజుల్లో రిటైరవుతున్నారు. పాతికేళ్ల స్నేహితుడికి ఒక మంచి పని చేసి వెళ్దామని ఉంటుంది. నాకర్థమవుతుంది. కానీ ఒకటి చెప్పండి. అప్పుడు అబద్ధమా, ఇప్పుడు అబద్ధమా? ఈ రెండిట్లో దేన్ని నమ్మమని కమిటీకి చెప్పను?"

లైల్ టోపీ పెట్టుకుని లేచాడు.

ఇంటికి వెళ్లేసరికి డార్లీన్ మాంసం, చిక్కుళ్లు వేసిన చిల్లీ పులుసు వేడి చేస్తోంది. పక్కన తియ్యటి దాల్చినచెక్క రోల్స్ ఉన్నాయి. ఆ ఊళ్లో ఆ రెండూ కలిపి తినకపోతే అన్నం తిననట్టే. లైల్ రోల్ తుంచి, చిల్లీలో ముంచి, నోట్లో పెట్టుకోకుండా జరిగింది చెప్పాడు. భార్య ఆశ్చర్యపోతుందనుకున్నాడు.

"ఆ ఫోన్ నేను విన్నాను," అంది డార్లీన్.

"ఏ ఫోన్?"

"ఆ జూన్‌లో వచ్చింది. నాకు ఆపరేషన్ అయి మూడు వారాలు. ముందు గదిలో సోఫా మీద పడుకున్నాను. ఫోన్ పెట్టేశాక నువ్వు ఈల వేస్తూ గిన్నెలు తుడిచావు."

"మరి ఒక్కమాట అనలేదేం?"

"ఏమనను?" డార్లీన్ గరిటె పక్కన పెట్టింది. "ఒఫీలియా రోజు విడిచి రోజు మొక్కజొన్న పిండి తమాలేలు వండి పట్టుకొచ్చేది. నా తల దువ్వేది. సేబీ మన గడ్డి కోసేవాడు. ఆ మొగుడూ పెళ్లాం వెళ్లిపోతే నా గతేంటి అనుకున్నా. పాపంలో సగం నాది, లైల్. కానీ చెప్పుకోవలసింది నువ్వు. కోలెట్‌కి కాదు."

*

గురువారం సాధన అయ్యాక సేబీ పిచర్ దిబ్బ బాగుచేస్తున్నాడు. పిచర్ ముందుకాలు పడే చోట గుంట పడింది. ఎండిన మట్టి గోకి తీసేసి, తడిబంక మట్టి పిడికిళ్లతో నింపి, దిమ్మిసతో కొడుతున్నాడు. దిమ్మిసకి గోనెసంచి చుట్టి ఉంది, మట్టి అంటకుండా. లైల్ వచ్చి పక్కన నిలబడ్డాడు.

"కోచ్, ఒకసారి ఇక్కడ కాలు పెట్టి చూడండి. మెత్తగా ఉందా?"

"సేబీ, నీతో ఒక మాట చెప్పాలి."

"చెప్పండి."

చెప్పాడు. దాచకుండా, తడి పళ్లెంతో సహా చెప్పాడు. చెబుతున్నంతసేపూ దిమ్మిస పడుతూనే ఉంది. ధబ్, ధబ్, ధబ్. ఒకే చోట పడుతోంది. అక్కడ మట్టి ఎప్పుడో గట్టిపడింది. చివరికి ఆగింది.

"పదిహేడేళ్లా?" అన్నాడు సేబీ.

"అవును."

"నేను ఎన్ని చోట్ల అప్లై చేశానో తెలుసా?"

"లెక్కపెట్టలేదు."

"తొమ్మిది." సేబీ దిమ్మిస కర్ర మీద గడ్డం ఆనించాడు. "ప్రతిసారీ నేను రాసిన ఉత్తరం తెచ్చి నీకే ఇచ్చాను. నా ఇంగ్లీషు సరిగ్గా ఉందో లేదో చూడమని. గుర్తుందా? నువ్వు ఎర్ర పెన్ను పట్టుకుని కామాలు పెట్టావు. ఈ వాక్యం ఇంకా గట్టిగా ఉండాలి సేబీ అన్నావు. ఆ ఉత్తరాలు ఎక్కడికీ చేరవని తెలిసే కామాలు పెట్టావా, లైల్?"

ఇరవై నాలుగేళ్లలో అతను లైల్ అని పిలవడం అదే మొదటిసారి.

"తెలీదు. దేవుడి మీద ఒట్టు, తెలీదు. ఒక్కడికే చెప్పాను, అక్కడితో పోయిందనుకున్నా."

"ఒక్కడికైతే ఫర్వాలేదా?"

మైదానం అవతల ఎవరో కారు స్టార్ట్ చేశారు. సేబీ మోకాళ్ల మీద కూర్చుని, దిబ్బ మీది నలుసులు చేత్తో ఏరి పక్కన వేయసాగాడు. చాలాసేపు అదే పని చేశాడు.

"నీకో సంగతి చెప్పనా?" అన్నాడు తలెత్తకుండానే. "ఆ ఏడు నేను వెళ్లేవాణ్ని కాదు. డార్లీన్ మంచం మీద ఉంది. ఒఫీలియా నాతో అంది, జెస్సప్ గారు పిలిచినా ఈ ఏడు వద్దందాం, వాళ్లనిలా వదిలేసి ఎలా వెళ్తాం అని. సరే అన్నాను. ఆ తర్వాత వాళ్లు పిలవనే లేదు. నువ్వు అడిగుంటే చాలు. ఉండవోయ్ సేబీ, నువ్వు లేకపోతే నాకు నడవదు అని ఒక్కమాట. అడిగితే ఉండేవాణ్ని."

మోసం చేసి లాక్కున్న వస్తువు, చెయ్యి చాపితే ఇచ్చేదేనని తెలిసినట్టయింది లైల్‌కి.

"శనివారం సన్మానంలో చెబుతాను," అన్నాడు చివరికి. "మైకు ముందు, అందరికీ వినపడేలా."

"వద్దు." సేబీ చివ్వున లేచాడు. "అది మాత్రం చెయ్యకు. నువ్వు మైకులో చెబితే ఏమవుతుందో తెలుసా? చప్పట్లు కొడతారు. అబ్బ, ఎంత పెద్ద మనసు, ఎంత నిజాయితీ అంటారు. కళ్లు తుడుచుకుంటారు. నేను పక్కన నిలబడి నవ్వాలి. అందులోనూ నేను రెండో మనిషినే. చెప్పదలుచుకుంటే ఎవరికి చెప్పావో వాళ్లకి చెప్పు. చప్పట్లు లేనిచోట చెప్పు."

దిమ్మిస భుజాన వేసుకుని పనిముట్ల గదివైపు వెళ్లిపోయాడు. దిబ్బ మీద పట్టా కప్పడం మర్చిపోయాడు. సేబీ ఆ పని మర్చిపోగా లైల్ ఎప్పుడూ చూడలేదు. తనే ఒక్కో కొస లాగి కప్పి, నాలుగు మూలలా ఇసుక సంచులు పెట్టాడు. పావుగంట పట్టింది.

*

శుక్రవారం పొద్దున లైల్ ఆఫీసు తలుపు వేసుకుని ఫోన్ ముందు కూర్చున్నాడు. ఆ నలుగురి పేర్లు కోలెట్ ఇచ్చింది. ఎందుకు ఇస్తోందో ఆవిడకే తెలియనట్టుగా ఇచ్చింది.

మొదటివాడి ఇంట్లో అతని భార్య ఎత్తింది. కోలెట్‌తో ఫోన్‌లో మాట్లాడిన మర్నాడే ఆయనకి పక్షవాతం వచ్చిందట. ఆసుపత్రిలో ఉన్నాడు, మాట పడిపోయింది. "మీరేమైనా చెప్పమంటే చెవిలో చెబుతానండీ," అందావిడ. లైల్ త్వరగా కోలుకోవాలని చెప్పి పెట్టేశాడు. కాసేపు కిటికీలోంచి బయటికి చూశాడు. మళ్లీ అదే నంబరుకి ఫోన్ చేసి, "ఒక మాట చెప్పండమ్మా. సేబీ ఒంటివెరోస్ గురించి ఆయన విన్న మాట నేనన్నదే, అది అబద్ధమని చెప్పండి," అన్నాడు. ఆవిడ పేరు అక్షరం అక్షరం అడిగి రాసుకుంది.

రెండోవాడు నవ్వాడు. "అదేనా? ఎప్పటి మాటలయ్యా బాబూ! అయినా అతను అక్కడే హాయిగా ఉన్నాడుగా?"

మూడోవాడికి సేబీ ఎవరో గుర్తులేదు. ఆ మాట మాత్రం గుర్తుంది. "రెండో మనిషి, అవునవును. బాగా చెప్పారెవరో. నేనూ చాలామంది గురించి వాడాను ఆ మాట," అన్నాడు.

నాలుగోవాడు వార్డ్ జెస్సప్. ఎనభై దాటాయి. గొంతు మాత్రం కంచులా ఉంది. అంతా విన్నాడు.

"మా జాబితాలో మొదటి పేరు అతనిదే, బెరెండ్స్," అన్నాడు జెస్సప్. "కాగితాలు సిద్ధం చేసి, మర్యాదకి నీకు ఫోన్ చేశాను. నీ మాట విని రెండో పేరువాణ్ని తీసుకున్నాను. వాడు మూడేళ్లలో జట్టుని నాశనం చేసి పోయాడు. నువ్వు నిజాయితీపరుడివని నేను పదిమందికి చెప్పుకున్నాను. స్నేహితుడి గురించి కూడా ఉన్నదున్నట్టు చెప్పావని నమ్మి, మొన్న మీ కోలెట్ అడిగితే నీ పేరు దాచాను."

"క్షమించమని అడగడానికి—"

"నన్నెందుకు అడుగుతావు?" ఫోన్ పెట్టేశాడు.

లైల్ ఒక పేజీ ఉత్తరం రాశాడు. ఎవరితో, ఏ ఏడు, ఏమన్నాడో, ఎందుకన్నాడో. మెత్తటి మాటలు ఎక్కడ దొర్లినా కొట్టేశాడు. కోలెట్ నిలబడే చదివింది.

"ఇది కమిటీకి ఇస్తాను," అంది. "మన కాలేజీ ధర్మకర్తలకి కూడా ఇవ్వాల్సి వస్తుంది. మైదానానికి మీ పేరు పెట్టే సంగతి వాళ్ల ముందుంది, తెలుసుగా."

"ఇవ్వండి."

కోలెట్ ఉత్తరం మడిచి ఫైల్లో పెట్టింది.

*

శనివారం ఎండ కాసింది. మూడొందల మంది వచ్చారు. పాత ఆటగాళ్లు పొట్టలతోనూ పిల్లలతోనూ వచ్చి, వేయించిన సాసేజీ రొట్టెలు తింటూ మెట్ల మీద కూర్చున్నారు. ఆటకి ముందు లైల్‌కి అద్దం కట్టించిన జట్టు చొక్కా ఒకటి, పేరు చెక్కిన ఊగుడు కుర్చీ ఒకటి బహూకరించారు. మైదానం పేరు సంగతి ఎవరూ ఎత్తలేదు. లైల్ మైకు అందుకున్నాడు. మెట్ల మీంచి ఎవరో "కోచ్, మీలాంటి మనిషి మళ్లీ పుట్టడు!" అని అరిచారు. అందరూ లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. లైల్ ఆ చప్పట్లన్నీ అయిపోయేదాకా, వానలో తడిసే పశువులా, కదలకుండా నిలబడ్డాడు. "వచ్చినందుకు థాంక్స్. ఆట మొదలుపెడదాం," అని మైకు ఇచ్చేశాడు. ఎంత వినయం అని ముచ్చటపడ్డారు జనం.

సేబీ మూడో బేస్ దగ్గర తన చోట నిలబడ్డాడు. పొద్దుటినించీ ఇద్దరి మధ్యా పనికి సంబంధించిన మాటలే నడిచాయి.

చివరి ఇన్నింగ్స్‌కి హెల్మర్ ఒక్క పరుగు వెనకబడి ఉంది. మొదటి బేస్ మీద ఒకడు, రెండో బేస్ మీద ఒకడు. ఇంకా ఎవరూ అవుట్ కాలేదు. బ్యాటు పట్టింది ఎద్దు. ఇలాంటప్పుడు ఏం చేయాలో లైల్ ముప్ఫై మూడేళ్లుగా ఒకటే నమ్ముతాడు. బంతిని మెత్తగా తట్టి నేల మీద వదిలేయాలి. తట్టినవాడు అవుటైనా, బేసుల మీదున్న ఇద్దరూ ఒక్కో బేస్ ముందుకు జరుగుతారు. టోపీ ముట్టుకుని, చెవి ముట్టుకుని, బెల్టు మీద చెయ్యి రాశాడు. సైగ వెళ్లింది.

సేబీ చూశాడు. రెండు క్షణాలు లైల్ వైపే చూశాడు. తర్వాత ఎద్దు వైపు తిరిగి, తన చేతులు వరసగా కదిపి, చివరికి ఛాతీ మీద అడ్డంగా చెరిపేశాడు. తట్టొద్దు, కొట్టు అని.

ఎద్దుకి రెండు సైగలూ కనిపించాయి. గీత బయటికి అడుగేశాడు. షెడ్డులో లైల్‌ని చూశాడు, మూడో బేస్ దగ్గర సేబీని చూశాడు. మళ్లీ లైల్ వంక చూడలేదు. గీతలోకి వచ్చి, నడుం వంచి, బ్యాటు భుజం మీదికి ఎత్తాడు. బేసుల మీదున్న ఇద్దరూ కూడా సేబీ మీదే కళ్లు పెట్టుకుని ఉన్నారు.

కుర్రాళ్లు అతని వెనక నడవరు, అని చెప్పినవాడు ఇప్పుడు కళ్లారా చూస్తున్నాడు.

ఎద్దు కొట్టాడు. ఆ చప్పుడుకే జనం లేచారు. బంతి బాణంలా వెళ్లి సరాసరి రెండో బేస్ దగ్గరున్నవాడి చేతితొడుగులో పడింది. వాడు ఒక్క అడుగు వేసి బేస్ తొక్కాడు. బంతి నేల తాకకుండా దొరికినందుకు ఎద్దూ, ముందుకు ఉరికి వెనక్కి చేరలేకపోయినందుకు రెండో బేస్ మీది మనవాడూ, ఇద్దరూ అవుట్. ఆ తర్వాతివాడు గాల్లోకి లేపి దొరికిపోయాడు. మూడు అవుట్లతో ఇన్నింగ్స్ ముగిసింది. హెల్మర్ ఓడింది.

ఎద్దు హెల్మెట్ తీసి అక్కడే కూలబడ్డాడు. సేబీ వెళ్లి వాడి పక్కన చతికిలబడ్డాడు. "నువ్వు కొట్టాల్సిన దెబ్బే కొట్టావురా. సైగ నాది, ఓటమి నాది. లే," అన్నాడు. మిగతా కుర్రాళ్లు కూడా చుట్టూ చేరారు. లైల్ కోసమని మెట్ల మీంచి దిగినవాళ్లు, జట్టంతా అక్కడ గుమిగూడడం చూసి, కాసేపు ఎటు వెళ్లాలో తెలియక నిలబడ్డారు.

కమిటీ వాళ్లతో కోలెట్ కంచె దగ్గరికి వచ్చింది. "ఆ కొట్టమన్నది ఎవరు, లైల్? అక్కడ మీరెప్పుడూ తట్టమనే అంటారు కదా."

నేనే అని చెప్పడం ఎంత తేలిక! కమిటీ ముందు సేబీ మీద మచ్చ పడదు. తను రిటైరైనవాడు, తనకి పోయేదేం లేదు. ఆ మాట నోటిదాకా వచ్చింది. అది కూడా అబద్ధమే. అది కూడా సేబీని మళ్లీ తన వెనక నిలబెట్టడమే.

"సేబీ," అన్నాడు. "నేను తట్టమన్నాను, అతను కాదన్నాడు. అతనిదే సరైన నిర్ణయం. బంతి రెండడుగులు పక్కకి పోయుంటే బేసుల మీదున్న ఇద్దరూ పరుగులు తీసేవాళ్లు, మనం గెలిచేవాళ్లం."

కోలెట్ పక్కనున్నతను ఏదో రాసుకున్నాడు.

*

బుధవారం కోలెట్ ఇంటికే వచ్చి చెప్పింది. ఆరిజోనా నుంచి ముప్ఫై నాలుగేళ్ల మనిషిని తీసుకున్నారు.

"మీ ఉత్తరం పనిచేసింది," అంది వాకిట్లోనే నిలబడి. "కమిటీలో ఇద్దరు మనసు మార్చుకున్నారు. ముగ్గురు మార్చుకోలేదు. నాయకుడయ్యే మనిషైతే ఇరవై నాలుగేళ్లు ఒకరి కింద ఎందుకు పడి ఉంటాడు అన్నారు."

లైల్‌కి నవ్వూ ఏడుపూ కానిదేదో వచ్చింది. తలుపు పట్టుకుని నిలబడ్డాడు.

"ధర్మకర్తలు మైదానం పేరు పక్కన పెట్టారు," అంది కోలెట్. "మీరు అడగలేదు గాని."

మర్నాడు సాయంత్రం లైల్ సేబీ ఇంటికి వెళ్లాడు. ఊరి హైస్కూలు వాళ్లు సేబీని బేస్‌బాల్ కోచ్‌గా పిలిచారని, అతను ఒప్పుకున్నాడని డార్లీన్‌కి ఒఫీలియా చెప్పింది. ఆ ఆడవాళ్లిద్దరి మధ్యా మాటలు ఎలా మిగిలాయో లైల్ అడగలేదు. సేబీ పెరట్లో తెల్ల రంగు డబ్బా ముందు పెట్టుకుని, పాత చెక్క ముక్కలకి రంగు వేస్తున్నాడు.

"కంగ్రాచ్యులేషన్స్," అన్నాడు లైల్.

"థాంక్స్."

"మైదానం ఎలా ఉంది?"

"ఎలుక బొరియలు. దిబ్బ ఎటో వంగింది. పిల్లలకి చేతితొడుగు ఏ చేతికో తెలీదు." సేబీ గొంతులో మాత్రం దిగులేమీ లేదు.

లైల్ కంచె కమ్మీ పట్టుకుని నిలబడ్డాడు. ఆ మాట కారులో వస్తున్నంతసేపూ వల్లించుకున్నాడు. "నీకు మనిషి కావాలంటే వస్తాను. బంతులు వెయ్యడానికి, దిబ్బ సర్దడానికి. నువ్వేం చెబితే అది. సైగలు అందివ్వమంటే మూడో బేస్ దగ్గర నిలబడతాను."

సేబీ కుంచె డబ్బా అంచున ఆనించాడు. వెంటనే జవాబివ్వలేదు. వెటకారం చేస్తాడేమో అనుకున్నాడు లైల్. అతను నిజంగానే ఆలోచిస్తున్నాడు, ఏ కుర్రాణ్ని ఎక్కడ నిలబెట్టాలా అని ఆలోచించేటప్పటిలా, కళ్లు చిన్నవి చేసుకుని.

"వద్దు," అన్నాడు. "నువ్వక్కడుంటే పిల్లలు నేనేదన్నా ముందు నీ మొహం చూస్తారు. అమ్మానాన్నలు నీ దగ్గరికే వస్తారు. కోపంతో అనట్లేదు. కోపం ఉంది, అది వేరు. జట్టుకి మంచిది కాదు, అందుకు అంటున్నా."

"అర్థమైంది."

"ఆటలకి రా. మెట్ల మీద కూర్చుని చూడు."

"వస్తాను."

లైల్ కారు దాకా వెళ్లాక సేబీ వెనకనుంచి పిలిచాడు. "లైల్! మూడో బేస్ వైపు మాత్రం కూర్చోకు. నేనిక షెడ్డులో కూర్చుంటే నాకెదురుగా కనిపిస్తావు. అవతలి పక్క కూర్చో."

"సరే," అన్నాడు లైల్. కోచ్ అన్న పిలుపు కూడా నాలిక చివరిదాకా వచ్చింది. దాన్ని కూడా తను దానం చేసినట్టవుతుందని మింగేశాడు.

ఇంటికి చేరేసరికి డార్లీన్ మెట్ల మీద కూర్చుని ఉంది.

"ఏమన్నాడు?"

"వద్దన్నాడు."

"మంచిపని చేశాడు," అంది డార్లీన్. పక్కకి జరిగి అతనికి చోటిచ్చింది. ఇద్దరూ చాలాసేపు, వీధిలో ఎవరూ లేకపోయినా, వీధి వైపే చూస్తూ కూర్చున్నారు.